అనంతగిరిలో బూడిదతల ఈగపిట్ట కోసం 16 ఆదివారాలు: ప్రాజెక్టు డైరీ

2024 నవంబరు 10 నుంచి 2025 మార్చి 16 వరకు రాసుకున్న నోట్సు ఇది. అరకు దారిలో అనంతగిరి దగ్గర 1.2 కిలోమీటర్ల ముక్క ఒకటి ఎంచుకుని, అక్కడ గ్రే హెడెడ్ కానరీ ఫ్లైక్యాచర్ ఎక్కడ ఉంటుంది, ఏ వేళకి కనపడుతుంది, ఎన్ని ఉన్నాయి అని తేల్చడం పని. ఇంగ్లీషు పేరు పొడుగు కాబట్టి మా నోట్‌బుక్‌లో దాన్ని ‘బూడిదతల’ అని రాసుకున్నాం. ఇక్కడా అదే వాడతాను.

మీ ఊరి పక్క కొండల్లో ఇదే పని చేయాలనుకుంటే మూడో దశ నుంచి చదివినా చాలు. మొదటి రెండు దశలూ నేను చేసిన తప్పులే. అయితే అవి చదవకపోతే మీరూ అవే చేస్తారని నా అనుమానం.

ముందు పిట్ట గురించి, పనికొచ్చినంత వరకే

పొడవు 12–13 సెంటీమీటర్లు. పిచ్చుక కన్నా చిన్నది, బరువు 8 గ్రాముల దరిదాపు. తల, మెడ, రొమ్ము బూడిద రంగు, పొట్ట పసుపు, వీపు పసుపు కలిసిన ఆకుపచ్చ. నెత్తి మీద చిన్న జుట్టు ఉంటుంది. పిగిలిపిట్ట జుట్టులా నిక్కబొడుచుకుని ఉండదు, వెనక్కి దువ్వినట్టు ఉంటుంది. దానివల్ల పక్క నుంచి చూస్తే తల గుండ్రంగా కాక కాస్త నలుచదరంగా కనపడుతుంది. ఆడా మగా ఒకేలా ఉంటాయి. కొమ్మ మీద నిటారుగా కూర్చుని, గాల్లో పోతున్న పురుగు కోసం చటుక్కున ఎగిరి, చిన్న చుట్టు తిరిగి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

శాస్త్రీయ నామం క్యూలిసికాపా సెయ్‌లోనెన్సిస్. సెయ్‌లోనెన్సిస్ అన్నది 1820లో స్వెయిన్సన్ అనే పక్షి శాస్త్రవేత్త పెట్టాడు, క్యూలిసికాపా అన్నది 1871లో స్విన్హో పెట్టాడు. క్యూలిసికాపా అంటే దోమలు పట్టేది. ఆ మాట అర్థం నాకు మొదటి రోజే బుర్రకెక్కి ఉంటే నాలుగు ఆదివారాలు కలిసొచ్చేవి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

## దశ 1: నాలుగు ట్రిప్పులు, ఏమీ లేదు

నవంబరు 10, 17, 24

నేనుండేది శృంగవరపుకోటలో. ఘాట్ రోడ్డెక్కి అనంతగిరి చేరడానికి బైకు మీద గంట. మొదటి మూడు ఆదివారాలూ ఒకే పద్ధతిలో వెళ్ళాను:

1. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరడం.
2. వెలుగు రాగానే దారి మొదట్నుంచి చివరి దాకా నడవడం, మళ్ళీ వెనక్కి నడవడం.
3. సిల్వర్ ఓక్ చెట్ల కొమ్మలన్నీ బైనాక్యులర్‌తో గాలించడం.
4. మెడ పట్టేసి ఇంటికి రావడం.

ఈ నాలుగింటిలో మూడు తప్పులున్నాయి. నాలుగోది వాటి ఫలితం.

తెల్లారగట్టే వెళ్ళాలన్నది మైదానంలో పిట్టలు చూసే అలవాటు. నవంబరులో అక్కడ ఏడున్నర దాకా మంచు కదలదు. ఫోన్ జీపీఎస్ ప్రకారం నా దారి 1,040 నుంచి 1,110 మీటర్ల ఎత్తులో ఉంది. చలికి ఈగలే ఎగరవు. ఈగలు ఎగరనప్పుడు ఈగపిట్ట కొమ్మ దిగి ఏం చేస్తుంది? ఆ చీకట్లో గంటన్నర సేపు నేను చూసింది మంచునే.

ఇక బైనాక్యులర్. నా దగ్గరున్నది 10×50, అంటే పదింతలు దగ్గరగా చూపేది, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. పెద్ద అంకె ఉంటే మంచిదనుకుని ఎప్పుడో కొన్నది. దూరాన చెరువులో బాతులకి బాగుంటుంది. అడవిలో మాత్రం కనపడే మేర ఇరుకు, చెయ్యి కాస్త వణికితే బొమ్మంతా వణుకుతుంది. ఇంకో లోపం కూడా ఉంది, అది డిసెంబరులో బయటపడి నా కొంప ముంచింది.

నవంబరు 24, ఒక తప్పుడు ‘దొరికింది’

ఆ రోజు నోట్‌బుక్‌లో ‘దొరికింది! 8:10, పసుపు పొట్ట, రెండు’ అని రాసి ఉంది. ఇంటికొచ్చి మసక ఫోటో పెద్దది చేసి చూస్తే కంటి చుట్టూ తెల్ల గీత. తెల్లకన్ను పిట్ట. ఆ వాక్యం కొట్టేశాను.

ఈ కొండల్లో ‘చిన్నది, పసుపు, తుర్రుమంది’ అనిపించే పిట్టలు నాకు నాలుగు తగిలాయి. విడదీయడానికి నేను రాసుకున్న గుర్తులు ఇవి:

- తెల్లకన్ను పిట్ట (వైట్ ఐ): గొంతు పసుపు, పొట్ట తెలుపు, కంటికి తెల్ల వలయం. గుంపుగా తిరుగుతుంది.
- పచ్చజీటు (అయోరా): రెక్క మీద తెల్ల గీతలు. ఆకుల్లో దూరి నింపాదిగా వెతుకుతుంది.
- గ్రీనిష్ వార్బ్లర్: కనుబొమలా లేత గీత. పొట్టన చెప్పుకోదగ్గ పసుపు లేదు. క్షణం కుదురుగా ఉండదు, నిటారుగా కూర్చోదు.
- బూడిదతల: రొమ్ము బూడిద, అక్కణ్ణుంచి కిందికి పసుపు. నిటారుగా కూర్చుంటుంది. ఎగిరి గాల్లో పట్టి వస్తుంది.

రంగు కన్నా కూర్చునే తీరు ముందు చూడాలి. నీడలో పసుపు రంగు మోసం చేస్తుంది, భంగిమ చేయదు.

ఒక పక్క మాట. పేరులో ఫ్లైక్యాచర్ ఉంది కదా అని మన టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్‌కి ఇది చుట్టమనుకోకండి. డీఎన్ఏ పరిశోధనల తర్వాత దీన్ని స్టెనోస్టిరిడే అనే చిన్న కుటుంబంలో చేర్చారు. ఆ కుటుంబంలో దీని బంధువులు కొందరు ఆఫ్రికాలో ఉన్నారు. వేట పద్ధతి ఒకటైనంత మాత్రాన ఇంటిపేరు ఒకటి కాదన్నమాట.

డిసెంబరు 1

మొదటిసారి కూత వినిపించింది, 8:35కి. సన్నగా, తీయగా, చివర పైకి లాగినట్టు ‘టిట్-టిటూ-వీ’. పిట్టకూత గుర్తుపట్టే యాప్ ఒకటి ఫోన్‌లో ఉంది. అది రెండు సెకన్లు పేరు చూపించి, పక్కనుంచి లారీ వెళ్ళేసరికి ఇంకేదో పిట్ట పేరు చూపించింది. అరగంట ఆ చెట్టు కింద పడిగాపులు కాశాను. కనపడలేదు.

ఇప్పటిదాకా: ట్రిప్పులు 4. గంటలు 14. విన్నది 1. చూసింది 0. పెట్రోలు, టిఫిను కలిపి ఖర్చు 1,000 రూపాయలు.

## దశ 2: చెవి, కల్వర్టు, బురద కాలు

డిసెంబరు 8

ఈసారి మా మేనల్లుణ్ణి వెంట తీసుకెళ్ళాను. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. పిట్టలంటే వాడికి పెద్ద ఆసక్తి లేదు, ఘాట్ రోడ్డు మీద బైకు నడపనిస్తానంటే వచ్చాడు.

ఎనిమిదింటికి వాడు ఆగి, “మావయ్యా, అదేనా? అదిగో మళ్ళీ” అన్నాడు. నాకేం వినపడలేదు. వాడు ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. సరే పరీక్షిద్దామని ఇద్దరం పది అడుగుల దూరంలో వీపులు తిప్పుకుని నిలబడి, కూత వినపడినప్పుడల్లా ఎవరి కాగితం మీద వాళ్ళం గీత పెట్టుకున్నాం. పావుగంటలో వాడి గీతలు 20, నావి 11.

నాకు 54 ఏళ్ళు. సన్నని స్వరాలు చెవి నుంచి జారిపోతున్నాయని ఆ రోజే తెలిసింది. ఇంతకుముందు నాలుగు ఆదివారాలు నేను దాటి వెళ్ళిపోయిన కూతలు ఎన్నో! యాభై దాటినవాళ్ళు ఈ పరీక్ష మొదటి రోజే చేసుకోండి. పైసా ఖర్చు లేదు, కాస్త మనసు చివుక్కుమంటుంది అంతే.

చెవుల వెనక అరచేతులు దొప్పల్లా పెట్టుకుని విన్నాక నా గీతలు 11 నుంచి 15కి పెరిగాయి. ఇదీ ఉచితమే.

ఆ తర్వాత జరిగింది పూర్తిగా యాదృచ్ఛికం. దారికి అడ్డంగా ఒక గెడ్డ పారుతుంది, దాని మీద చిన్న కల్వర్టు. గట్టు దిగబోయి జారాను. ఎడమ కాలు మోకాలి దాకా బురద. బూటు విప్పి కడుక్కుని, సాక్సు ఆరేదాకా రాయి మీద కూర్చున్నాను. ఇరవై నిమిషాలు కదల్లేదు. మేనల్లుడు కల్వర్టు మీద ఫోన్ చూసుకుంటున్నాడు.

9:05కి నీళ్ళ మీదికి వంగిన కొమ్మ మీద అది వచ్చి వాలింది. నాకు నాలుగు మీటర్ల దూరం. ఎగిరి నీటి మీద తిరుగుతున్న దోమల్లో ఒకదాన్ని పట్టి మళ్ళీ అదే కొమ్మకి వచ్చింది. బైనాక్యులర్ ఎత్తాను. మసక. చక్రం చివరి దాకా తిప్పాను. మసకే. నా 10×50కి ఆరు మీటర్ల లోపల ఫోకస్ కుదరదు! కొన్నప్పుడు ఆ అంకె చూడాలని ఎవరికి తెలుసు? చివరికి బైనాక్యులర్ దించి మామూలు కంటితోనే చూశాను. బూడిద తల, వెనక్కి దువ్విన జుట్టు, పసుపు పొట్ట. సందేహం లేదు.

ఆ రోజు మార్చినవి:

1. 10×50 పక్కన పెట్టేశాను. స్నేహితుడి 8×42 అరువు తెచ్చాను. రెండు మీటర్ల దాకా ఫోకస్ వస్తుంది, కనపడే మేర ఎక్కువ.
2. చేరే వేళ ఆరు నుంచి ఏడుంబావుకి మార్చాను.
3. నడక తగ్గించి కూర్చోవడం పెంచాలని రాసుకున్నాను. దాన్ని సరిగ్గా అమలు చేయడానికి మాత్రం ఇంకో మూడు వారాలు పట్టింది. మధ్యలో డిష్ పిచ్చి పట్టింది.

ఇప్పటిదాకా: ట్రిప్పులు 5. గంటలు 18. కనపడిన రోజులు 1. ఖర్చు 1,250.

## దశ 3: డిష్ గొడవ

నా చెవి చాలదు కాబట్టి శబ్దాన్ని పోగుచేసే డిష్ తయారుచేద్దామనుకున్నాను. కూత ఏ దిక్కునుంచి వస్తోందో తెలిస్తే కన్ను అటు తిప్పొచ్చని లెక్క.

కొంచెం గణితం. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళుతుంది. నా ఫోన్ రికార్డింగుల్లో బూడిదతల కూత ఎక్కువగా మూడున్నర వేల నుంచి ఆరు వేల హెర్ట్జ్ మధ్య ఉంది. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర అల పొడవు 340ని 4,000తో భాగిస్తే ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. డిష్ వెడల్పు దానికి నాలుగైదు రెట్లైనా ఉంటే గానీ శబ్దాన్ని ఒకచోటికి చేర్చదు. అంటే కనీసం 40 సెంటీమీటర్లు.

ప్రయత్నం 1, స్టీలు బేసిన్ (డిసెంబరు 15). 45 సెంటీమీటర్ల బేసిన్, మధ్యలో 450 రూపాయల కాలర్ మైకు. లాభం, అంటే మైకుకి అందే శబ్దం పెరిగింది, 2 డెసిబెల్స్ మాత్రమే. అడుగు చదునుగా ఉంటే శబ్దం ఒక బిందువుకి చేరదు. పైగా గెడ్డ చప్పుడు అందులో బోరుమని మోగింది.

ప్రయత్నం 2, పాత టీవీ డిష్ (డిసెంబరు 15, అదే రోజు). పాత సామాన్ల కొట్లో వంద రూపాయలకి దొరికింది, 60 సెంటీమీటర్లది. మైకు సరిగ్గా మధ్యలో పెట్టి మొదట ఏమీ రాక తిట్టుకున్నాను. ఈ డిష్‌లు నిండు గిన్నెలు కావు, పెద్ద గిన్నెలో ఒక పక్క ముక్క లాంటివి. వాటి కేంద్రం మధ్యలో ఉండదు, కింద ఊచ చివర డబ్బీ బిగించే చోట ఉంటుంది. మైకు అక్కడ కట్టాక లాభం 12 డెసిబెల్స్. బ్రహ్మాండం అనుకున్నాను.

కానీ రెండు చిక్కులు. బరువు మూడున్నర కిలోలు, అరగంటకే భుజం లాగేసింది. రెండోది ఇంకా చికాకు: దాన్ని నిటారుగా పట్టుకుంటే అది ‘వినేది’ ఎదురుగా కాదు, ఇరవై డిగ్రీలకు పైగానే పైకి. ఎదురుగా కొమ్మ మీది పిట్ట కోసం డిష్‌ని నేల చూపులు చూస్తున్నట్టు వంచాలి. ఎంత వంచితే ఎక్కడ వింటోందో నాకు చివరిదాకా అంతు చిక్కలేదు.

ఆ రోజు కాఫీ పండ్ల కోతకి వచ్చిన ఒకావిడ నన్ను చాలాసేపు చూసి, “ఏటి బాబూ, మా ఊరికి డిష్ పెడతారేటి? ఎంతకి పెడతారు?” అని అడిగింది. పిట్టలు వినడానికి అని చెప్పాను. నమ్మలేదు. తర్వాతి వారం ఆవిడ ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చి రేటు అడిగింది.

అదే రోజు చేసిన అసలు తప్పు. పిట్ట కనపడకపోయేసరికి ఫోన్‌లో దాని కూత పెట్టి వినిపించాను. రెండు నిమిషాల్లో వచ్చింది, కొమ్మ కొమ్మకీ ఎగిరింది, మా నెత్తి మీద తిరిగింది, జుట్టు లేపి అరిచింది. తర్వాత 40 నిమిషాలు ఒక్క కూత లేదు, ఒక్క వేట లేదు. నేను కొలవాలనుకున్నది అది మామూలుగా ఎలా బతుకుతుందో. నేను చూసింది తన చోటుకి శత్రువు వచ్చాడని కంగారుపడే పిట్టని. ఆ రోజు లెక్కలన్నీ నోట్‌బుక్‌లో అడ్డంగా కొట్టేశాను. కనపడినట్టు మాత్రం ఉంచాను. మళ్ళీ కూత వినిపించలేదు, మీరూ వినిపించకండి.

ప్రయత్నం 3, మూకుడు (డిసెంబరు 22). ఇంట్లో పిడి ఊడిపోయిన అల్యూమినియం మూకుడు ఉంది. వెడల్పు 40, లోతు 10 సెంటీమీటర్లు. సూత్రం: వెడల్పు వర్గాన్ని పదహారు రెట్ల లోతుతో భాగించాలి. 1,600ని 160తో భాగిస్తే 10 సెంటీమీటర్లు, మైకు ఉండాల్సిన చోటు. కానీ మూకుడు గోళంలో ముక్క, కచ్చితమైన డిష్ ఆకారం కాదు. అందుకని డాబా మీద పరీక్షించాను.

1. పది మీటర్ల దూరంలో ఒక ఫోన్ పెట్టి 4,000 హెర్ట్జ్ కూత మోగించాను.
2. మైకుని మూకుడు అడుగు నుంచి రెండేసి సెంటీమీటర్లు జరుపుతూ రికార్డింగ్ మీటరు చూశాను (డెసిబెల్స్‌లో; అంకె సున్నాకి ఎంత దగ్గరైతే శబ్దం అంత ఎక్కువ).
3. మూకుడు లేకుండా: మైనస్ 34. ఏడు సెంటీమీటర్ల దగ్గర: మైనస్ 31. తొమ్మిది: మైనస్ 27. పదకొండు: మైనస్ 24. పదమూడు: మైనస్ 26. పదిహేను: మైనస్ 29.
4. పదకొండు దగ్గర సైకిలు చువ్వతో బిగించాను. మైకు ముఖం పిట్ట వైపు కాదు, మూకుడు అడుగు వైపు. ఇది మర్చిపోతే మొత్తం వృథా.
5. మైకుకి పాత ఉన్ని సాక్సు తొడిగాను, గాలి చప్పుడుకి.

లాభం 10 డెసిబెల్స్, బరువు 900 గ్రాములు. టీవీ డిష్ కన్నా రెండు డెసిబెల్స్ తక్కువైనా మూకుడు ఎటు చూస్తే అటే వింటుంది. అదే ముఖ్యం.

ఇంత చేశాక నిజం చెప్పాలి. పిట్టని *చూడ్డానికి* మూకుడు పెద్దగా సాయపడలేదు. నేను దిక్కు పట్టి, మూకుడు దించి, బైనాక్యులర్ ఎత్తేలోపు అది ఇంకో కొమ్మకి పోయేది. అరచేతి దొప్పలు ముప్పావు వంతు పని చేసేస్తాయి. మూకుడు పనికొచ్చింది సాక్ష్యానికి: కూత శుభ్రంగా రికార్డు చేసుకుని, ఇంటికొచ్చి విని, ‘ఇది అదే’ అని నిర్ధారించుకోవడానికి. ఆ పని మీకు అవసరం లేకపోతే ఈ దశంతా వదిలేయండి.

ఇప్పటిదాకా: ట్రిప్పులు 7. గంటలు 26. కనపడిన రోజులు 3. ట్రిప్పుల ఖర్చు 1,750. డిష్‌ల ఖర్చు: మైకు 450, టీవీ డిష్ 100, చువ్వా బిగింపులూ 60, మొత్తం 610.

## దశ 4: కూర్చోవడం

డిసెంబరు 29, జనవరి 5, జనవరి 19

(జనవరి 12 వదిలేశాను. మర్నాడే భోగి, ఇంట్లో పిట్టల మాటెత్తితే ఊరుకునేలా లేరు.)

ఇక పద్ధతిగా మూడు చోట్లు ఎంచుకున్నాను. మూడూ రోడ్డు పక్కనో, యజమాని సరేనన్న కాఫీ తోటలోనో ఉన్నాయి. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలి అడవిలోకి వెళ్ళలేదు. మీరు చేసినా అలాగే చేయండి.

- చోటు ఎ: సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, చెట్ల మొదళ్ళకి మిరియాల తీగలు. కింద శుభ్రంగా చెక్కిన నేల.
- చోటు బి: రోడ్డు మలుపు, ఒక పక్క అడవి, ఒక పక్క లోయ.
- చోటు సి: గెడ్డ, కల్వర్టు. పనస, మామిడి, ఇంకా పేరు తెలియని పెద్ద చెట్లు కలిసి నీళ్ళ మీద గొడుగు పట్టినట్టు ఉంటాయి.

ప్రతి చోటా రోజుకి రెండుసార్లు, 25 నిమిషాల చొప్పున కదలకుండా కూర్చోవాలి. ఏ చోటు ముందు అనేది వారం వారం మార్చాను, లేకపోతే పొద్దున్నే కూర్చున్న చోటుకి అన్యాయం జరుగుతుంది. మూడు రోజులకి ఒక్కో చోట ఆరేసి కూర్చోవడాలు.

ఫలితం: ఎ దగ్గర ఆరింటిలో 1. బి దగ్గర 2. సి దగ్గర 5.

మొదటి నాలుగు ట్రిప్పుల్లో 14 గంటలు తిరిగి ఒక్క కూత వింటే, ఇక్కడ గెడ్డ పక్కన మొత్తం రెండున్నర గంటలు కూర్చుంటే ఐదుసార్లు కనపడింది. నెల మారింది, బైనాక్యులర్ మారింది, నా చెవి సంగతి తెలిసింది, కాబట్టి తేడా అంతా కూర్చోవడం వల్లే అనను. కానీ మొదట్లో నేను రోజంతా తలెత్తి గాలించిన సిల్వర్ ఓక్‌ల కిందే అన్నిటికన్నా తక్కువ కనపడింది. దోమలు పట్టే పిట్టని దోమలుండే చోట వెతకాలని పేరే చెబుతోంది. 1871 నుంచీ చెబుతోంది.

వేళ: మొదటిసారి కనపడ్డమో వినపడ్డమో జరిగింది ఎక్కువగా 7:40–9:15 మధ్య. అన్నిటికన్నా ముందు 7:25కి. మంచు ఎంత ఆలస్యంగా విడిస్తే ఇదీ అంత ఆలస్యం.

ఎత్తు: దీన్ని కంటి అంచనాకి వదలకూడదని రెండు మీటర్ల వెదురు కర్ర తీసుకెళ్ళాం. పిట్ట వెళ్ళిపోయాక మేనల్లుడు ఆ చెట్టు మొదట్లో కర్ర నిలబెడతాడు, నేను దూరం నుంచి ఆ కొమ్మ ఎన్ని కర్రల ఎత్తో లెక్కేస్తాను. 31 కొమ్మలకి లెక్క: రెండు మీటర్ల లోపు 3, రెండు నుంచి ఐదు మీటర్లు 19, ఐదు నుంచి ఎనిమిది 7, ఆపైన 2. కర్ర లేకుండా నేను అంచనా వేసిన ఎత్తులు దాదాపు అన్నీ ఎక్కువగానే వచ్చాయి. నాలుగు మీటర్ల కొమ్మని ఏడు అని రాశాను ఒకసారి. మెడ ఎత్తి చూసే ప్రతిదీ మనకి ఆకాశమే.

సావాసం: 18 కూర్చోవడాల్లో 8 సార్లు కనపడింది కదా, అందులో 5 సార్లు ఇది ఒంటరిగా లేదు. మినివెట్లు, నట్‌హ్యాచ్, విసనకర్ర తోక దాసరిపిట్ట, వాటి వెనక టెన్నిస్ రాకెట్ లాంటి తోకున్న డ్రాంగో, అన్నీ ఒక ఊరేగింపులా వస్తాయి. ఒకటి కదిలిస్తే లేచిన పురుగు ఇంకోదాని నోట్లో పడుతుంది. డ్రాంగో గొంతు నా చెవికి బాగా అందుతుంది. అది వినపడగానే బైనాక్యులర్ గుండెల దగ్గరికి తెచ్చుకుని సిద్ధంగా ఉండడం అలవాటు చేసుకున్నాను. చెవి మందగించినవాళ్ళకి ఇది నిజంగా పనికొచ్చే కిటుకు.

ఇప్పటిదాకా: ట్రిప్పులు 10. గంటలు 41. కనపడిన రోజులు 6. మొత్తం ఖర్చు 3,110.

జనవరి 19 నోట్సు చివర పెద్ద అక్షరాలతో ‘ఈ దారిలో మొత్తం 7 పిట్టలు’ అని గర్వంగా రాశాను. దాని సంగతి ఆరో దశలో.

## దశ 5: ఫోటో

జనవరి 26: 138 ఫోటోలు. పనికొచ్చినవి సున్నా. గెడ్డ మీద నీడ ఎంత చిక్కగా ఉందంటే, 300 ఎంఎం లెన్సు ఎఫ్ 6.3 దగ్గర, ఐఎస్ఓ (తక్కువ వెలుగుని కెమెరా పట్టే శక్తి) 3,200 పెట్టినా షట్టరు వేగం 1/60 సెకనుకి మించలేదు. పసుపు మరకల ఆల్బం తయారైంది. ఆటోఫోకస్ ముందున్న ఆకుని పట్టుకుని వదల్లేదు.

వారమంతా ఆలోచించి, తీసిన వీడియోల్లోంచి అది కొమ్మ మీద ఎంతసేపు కూర్చుంటోందో లెక్కేశాను. 40 సార్లలో: ఐదు సెకన్ల లోపు 22, ఐదు నుంచి పన్నెండు సెకన్లు 13, అంతకన్నా ఎక్కువ 5. అత్యధికం 41 సెకన్లు, అప్పుడు ఈకలు సవరించుకుంటోంది. వేటకెళ్ళి తిరిగి *అదే* కొమ్మకి వచ్చింది 40లో 17 సార్లు.

‘ఈగపిట్ట మళ్ళీ అదే కొమ్మకి వస్తుంది’ అని అందరం అంటాం. దీని విషయంలో సగం కూడా నిజం కాదు. కానీ 17 సార్లు కూడా చాలు.

ఫిబ్రవరి 2, మార్చిన పద్ధతి:

1. అది రెండుసార్లు వాలిన కొమ్మ ఒకటి గుర్తుపెట్టుకోవడం.
2. ఆటోఫోకస్ తీసేసి, చేత్తో ఆ కొమ్మకి ఫోకస్ కట్టి, కెమెరాని బియ్యం పోసిన సంచీ మీద ఆనించడం.
3. ఐఎస్ఓ 6,400, షట్టరు 1/250. బొమ్మ మీద గింజల్లాంటి చుక్కలు పడితే పడనీ, కదిలిన బొమ్మ కన్నా నయం.
4. పిట్ట వెంట కెమెరా తిప్పకుండా, కొమ్మకే పిట్ట కోసం కాయడం.

121 ఫోటోలు, పనికొచ్చినవి 6. ఒకదాంట్లో జుట్టు కాస్త లేచి ముక్కు పక్క మీసాల్లాంటి వెంట్రుకలు కూడా కనపడుతున్నాయి. మా ఆవిడ ఆ ఫోటో చూసి, “ఇంత పిట్టకా ఇన్ని ఆదివారాలు?” అంది. జవాబు చెప్పలేదు.

ఇప్పటిదాకా: ట్రిప్పులు 12. గంటలు 49. కనపడిన రోజులు 8. ఫోటోలు 259, ఉంచినవి 6. ఖర్చు 3,610.

## దశ 6: ఏడు కాదు, మూడు

ఏడు పిట్టలని రాసిన రోజు లెక్క ఎలా వచ్చిందో మేనల్లుడికి చెబుతుంటే వాడే పట్టుకున్నాడు. “వెళ్ళేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు మూడు. మావయ్యా, నాలుగులో మూడు మళ్ళీ కనపడ్డాయేమో కదా?”

అంతే. దారి ఒకటే, వెళ్ళి రావడం రెండుసార్లు. కూడిక మాత్రం తప్పులేకుండా చేశాను. దాచుకోవడానికేం లేదు, ఆ అంకె అప్పటికే ఈబర్డ్‌లో (పిట్టలు చూసేవాళ్ళు లెక్కలు నమోదుచేసే వెబ్‌సైటు) కూడా ఎక్కించాను. సరిచేశాను.

ఫిబ్రవరి 9, 16, కొత్త పద్ధతి:

1. ఇద్దరి వాచీలూ సెకనుతో సహా కలుపుకోవడం.
2. నేను కల్వర్టు దగ్గర, వాడు గెడ్డ వెంటే 250 మీటర్లు ఎగువన. 8:00 నుంచి 9:30 దాకా ఎవరూ కదలకూడదు.
3. కూత విన్నా, పిట్ట కనపడినా నిమిషం, సెకను, దిక్కు రాయడం.
4. ఇద్దరి కాగితాల్లో ఒకే అరనిమిషంలో పడినవే వేర్వేరు పిట్టలు. మిగతావి ఒకే పిట్ట కావచ్చు.
5. తర్వాత బి మలుపు దగ్గర ఒకరు, గెడ్డ దగ్గర ఒకరు ఉండి ఇంకో అరగంట అదే పని.

9వ తేదీన కచ్చితంగా వేరని చెప్పగలిగినవి 3. 16వ తేదీన కూడా 3, నాలుగోది ఉండొచ్చు గానీ మా గీతల మధ్య 50 సెకన్ల తేడా ఉంది, వదిలేశాం. గెడ్డ దగ్గరిది నీళ్ళ వెంటే పైకీ కిందికీ 120 మీటర్ల మేర తిరుగుతోందని కూడా తేలింది. నడిచే మనిషికి ఆ ఒక్కటే రెండు మూడు పిట్టలుగా లెక్కకొస్తుంది.

పిట్టకి కాలికి రింగు లేకుండా, ఒక్కడే నడుస్తూ వేసిన లెక్కని నేనిప్పుడు ‘ఇన్ని పిట్టలు’ అని రాయను, ‘ఇన్నిసార్లు కనపడింది’ అనే రాస్తాను. పాత నోట్సులో మిగతా పిట్టల అంకెలు కూడా ఇప్పుడు అనుమానంగానే కనపడుతున్నాయి.

ఇప్పటిదాకా: ట్రిప్పులు 14. గంటలు 57. కనపడిన రోజులు 10. పిట్టలు కనీసం 3. ఖర్చు 4,110.

## దశ 7: మార్చి

మార్చి 2: గెడ్డ నీళ్ళు సగానికి తగ్గాయి. 8:20కి ఒకటి కనపడింది, మూడు నిమిషాలు వేటాడి పైకి వెళ్ళిపోయింది. కూత లేదు. పై చోట మేనల్లుడికి ఏమీ కనపడలేదు.

మార్చి 16: మూడున్నర గంటలు. కల్వర్టు దగ్గర నాలుగుసార్లు, మలుపు దగ్గర రెండుసార్లు కూర్చున్నాం. బూడిదతల లేదు, కూత కూడా లేదు. ఈ పిట్టలు హిమాలయాల్లోనూ పడమటి కనుమల్లోనూ గూడు కడతాయి, చలికాలంలో కొన్ని దక్షిణానికీ, పల్లానికీ దిగొస్తాయి. నా గెడ్డ దగ్గరివి దూరం వెళ్ళాయా, లేక నీళ్ళున్న ఇంకో వాగు చూసుకుని పక్క కొండకి పోయాయా అన్నది ఈ 1.2 కిలోమీటర్ల దారి మీద కూర్చుని తేల్చే ప్రశ్న కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఇంకాస్త ఎత్తున, గాలికొండ వైపు, ఎండాకాలంలో కూడా పారే గెడ్డ ఒకటి చూడాలి. చెట్టు బోదెకో రాతికో నాచుతో కట్టిన చిన్న గూడు ఉంటుందేమో దూరం నుంచి గమనించాలి. దొరికితే దగ్గరికి వెళ్ళేది లేదు, ఫోటో తీసేది లేదు, ఆ చోటు ఇక్కడ రాసేదీ లేదు.

మొత్తం: ట్రిప్పులు 16. గంటలు 64న్నర. కనపడిన రోజులు 11. ఖర్చు 4,610 రూపాయలు. అరువు బైనాక్యులర్ ఇంకా తిరిగి ఇవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు కాఫీ తోట దగ్గర ఆ ఆవిడ మళ్ళీ కనపడింది. ఈసారి నా చేతిలో మూకుడు లేదు. “డిష్ పని అయిపోయిందేటి బాబూ?” అంది. ఇంకా లేదమ్మా, ఏప్రిల్‌లో పైన గాలికొండ వైపు వస్తున్నామని చెప్పాను. “అక్కడా సిగ్నల్ ఉండదు” అంది.